శౌరమ్మ తొక్కిన ద్రాక్ష

రాయపరెడ్డి కూతురు శౌరమ్మ మఠం ఇడిసిపెట్టి వచ్చేసిందంట. బస్సు దిగింది, చేతిలో ఒగ రేకుపెట్టె, చంకలో ఒగ గొడుగు. తెల్లచీర కాదు, నీలం గళ్ళ చీర కట్టుకోనుండాది. ఇరవైయెనిమిదేండ్లు సిస్టరుగా ఉండిన మనిషి గదా, ఏంటికి వచ్చేసిందని మన ఎర్రకొట్టాలలో ఒగొగరు ఒగొగటి చెప్పిరి. పెద్ద సిస్టరుతో పడలేదంట అనిరి కొందరు. జబ్బంట అనిరి కొందరు. ఆమెను అడిగితే ఏమో, "ఇంగ చాలనిపించింది" అనింది, అంతే, దాని మీద ఒగ మాట రాలేదు. వాళ్ళమ్మ ఈమె మఠానికి పోకముందే పాయ, నాయన పోయి తొమ్మిదేండ్లాయ, తోడబుట్టినోళ్ళు లేరు. ఇల్లు ఉండాది, ఇంటెనక మూడెకరాల ద్రాక్షతోట ఉండాది. ఉండాది అంటే ఉండాది అనుకో, రాతి కూసాలు నిలబడుండాయి, ఇనుపతీగలు తుప్పుపట్టి కింద పడుండాయి, చెట్లన్నీ ఎండి కట్టెలైపోయుండాయి. నీళ్ళు పెట్టేవాళ్ళు లేకపోతే ఏం బతుకుతాది చెప్పు.

ఆ తోట ఇంగ ఉత్త తోట కాదబ్బా. ఈ పొద్దు మీకు తెలీదు గానీ, ఒగప్పుడు చుట్టూ ఏడు చర్చిలకు పూజలో వాడే ద్రాక్షారసం ఈ తోటలోంచే పోతాండె. రాయపరెడ్డి తాత పెట్టిన తోట అది. నల్లద్రాక్ష, తొక్కి, జాడీలకు పోసి, మూతలు మైనంతో మూసి, ఆర్నెల్లు ఊరబెట్టి ఎర్రగా రసం తీస్తాండె. చక్కెర ఎయ్యగూడదు, నీళ్ళు కలపగూడదు, దేవుని పూజకు పొయ్యేది గదా. ఇంటెనక ఆ జాడీల గదిలోకి ఆడోళ్ళను రానిస్తా ఉండలేదు రాయపరెడ్డి. కూతుర్ని గూడా. ఆ మనిషి అట్లాంటోడు, ఏం చేసేది. సరే, ఈమె వచ్చింది గదా, ఏమైందంటే, మనోళ్ళకు ఈమెను ఏమని పిలవాల్నో తెలీకపాయ. సిస్టరూ అందామంటే సిస్టరు కాదు. అక్కా అందామంటే నోరు రాదు, చిన్నప్పట్నుంచి దూరంగా చూసిన మనిషాయ. ఆదివారం పూజకు వస్తే ముందు బెంచీ సిస్టర్లది, ఎడంపక్క సంసారాలోళ్ళు పిల్లల్ని ఏసుకోని కూర్చుంటారు, ఈమె యాడ కూర్చోవాల? వాకిలి కాడ, చెప్పులిడిసే తావ, గోడకానుకోని నిలబడేది. ఎవరూ రమ్మనలేదు. నేనూ రమ్మనలేదులే, అది గూడా రాసుకో నాయనా, చెనిక్కాయలు తింటానే రాస్తాండావు గదా.

వచ్చిన నాలుగోరోజు తోటలోకి పోయి చూసిందంట. ఒగొగ చెట్టుకూ గోటితో బెరడు గీకి చూసుకుంటా పోయింది. ఎండింది, ఎండింది, ఎండింది. బాయి గోడ కాడ రెండు చెట్లకు మాత్రం గీకితే లోపల పచ్చగా కనపడింది. బాయి చెమ్మ తాగి బతికినాయి అనుకో. ఆడనే కూర్చుందంట, పొద్దు నెత్తి మీదికి వచ్చేదాకా. ఆ మర్నాడు నుంచి ఇంగ మనిషి తోటలోనే. ఆ రెంటికీ పాదులు తీసి కడవలతో నీళ్ళు పోసింది. కొత్త కొమ్మ వచ్చినాక కత్తిరించి, జానెడు జానెడు పుల్లలు చేసి, తడి ఇసకలో పెట్టి, ఏర్లు పట్టినాక వరసగా నాటింది. దళవాయిపల్లె నుంచి కూలోళ్ళను పిలిపించి కూసాలకు మళ్ళ తీగ కట్టించింది, బోరుకు మోటారు పెట్టించింది. ఆ కూలోళ్ళు పనైపోయి పోయినాక, మాట్లాడేకి మనిషి లేడు. పక్షుల్ని తోలేకి ఒగ రేకుడబ్బా కొట్టుకుంటా తిరిగేది చూడు, టాం టాం అని, ఆ శబ్దం ఇనపడితే ఆ, శౌరమ్మ బతికే ఉండాదిలే అనుకుంటాంటిమి ఇండ్లల్లో. అంతే మా పలకరింపు.

మద్దెలో ఒగసారి చర్చి ఫాదరు కాడికి పోయిందంట. కుర్రఫాదరు, కొత్తగా వచ్చినాడు, మంచోడే పాపం. ఫాదరూ, మా నాయన చేసినట్లే మళ్ళ రసం చేద్దామనుకుంటాండా, పూజకు తీసుకుంటారా అని అడిగింది. ఆయనేమో, సిస్టర్, ఇప్పుడంతా బిషప్పుగారి ఇంటినుంచి సీలేసిన సీసాలు వస్తాయి, ఇంట్లో చేసింది నేను వాడేదానికి లేదు, ముందు చెయ్యండి, బాగుంటే ఒగ సీసా పంపి కాగితం తెప్పిస్తా అన్న్యాడు. సరేనని వచ్చింది. రెండో ఏడు ఎండాకాలానికి ఆ పాత చెట్లు రెండూ కాసినాయి. నల్లగా, గుత్తులు గుత్తులు. ఒగ తొట్టి నిండుకు గూడా రాలేదు. తొక్కింది, వడగట్టింది, వాళ్ళ నాయన జాడీ ఒగటి కడిగి దాంట్లో పోసింది. జాడీ సగానికే వచ్చింది. మూత మూసి ఆర్నెల్లు కాచుకోనుండింది. తీసి నాలిక మీద పెట్టుకుంటే ఏముండాది, పులుపు. చీరేసే పులుపు. ఊరగాయకు పోసుకునే పులుపు. అది ద్రాక్షారసం కాదని ఆమెకు నాలిక మీద పడంగానే తెలిసిపోయింది.

ఎట్ల తెలిసింది, ఆ గదిలోకే పోనీని మనిషికి దాని రుచి ఎట్ల తెలుసు అని అడగండి ఇప్పుడు. అడగరే. ఆ, ఆడనే ఉండాది కత. వాళ్ళమ్మ పోయిన ఏడు శౌరమ్మకు పదిహేడేండ్లు. ఇంట్లో నాయనా కూతురూ, ఇద్దరే. నాయన మాట్లాడడు. పొద్దున్నే తోటకు పోతే మళ్ళ కూటికే వచ్చేది. ఒగరోజు వాకిలి తెరిచుంటే ఆ జాడీల గదిలోకి పోయిందంట. మూలన ఉండే జాడీ మూత తీసి, ఒగ చిన్న గిన్నెడు ముంచుకోని తాగింది. కడుపులో ఎచ్చగా, ఎవరో చెయ్యి పెట్టినట్లు ఉన్నిందంట. ఆ మాట ఆమె చెప్పిందే. మర్నాడు మళ్ళ పోయింది. రోజూ ఒగ గిన్నెడు. నెలా రెండు నెల్లు. జాడీ తగ్గింది, తగ్గేసరికి లోపల గాలి పట్టింది, గాలి పట్టేసరికి రసం పులిసిపోయింది. ఈస్టరు పండగ ముందు రాయపరెడ్డి మూత తీసి చూసినాడు. ఆ గదిలోకి పొయ్యేవాళ్ళు ఇద్దరే, తానూ, ద్రాక్ష తొక్కే ఓబులేసూ. దళవాయిపల్లె ఓబులేసు, తనకు ఇరవై ఏండ్లున్నప్పట్నుంచి ఆ తొట్టిలో తొక్కతాండె. రాయపరెడ్డి పిలిచి, ఓబిగా, దేవుని రసం తాగినావు గదరా అన్న్యాడు. నేను ముట్టలేదు రెడ్డీ, నా పిల్లోళ్ళ మీద ఒట్టు అన్న్యాడు ఓబులేసు. పో, మళ్ళ ఈ గడప తొక్కద్దు అన్న్యాడు. శౌరమ్మ యాడుంది? ఈ పక్క రోట్లో పచ్చడి నూరతాండె. అంతా ఇనపడతాంది. నూరేది నిలపలేదంట. ఓబులేసు వాకిలి దాటి, కంచె దాటి పొయ్యేదాకా, నూరిందే నూరతా ఉన్నిందంట. ఆ ఏడే, నాయనా, నేను మఠానికి పోతా అనింది. రాయపరెడ్డికి ఎంత సంతోషమో. ఊరంతా మిఠాయి పంచినాడు, నేనూ తిన్న్యా.

ఇంగ ఈ జాడీ పులిసిపోయిన మర్నాడు, గొడుగేసుకోని దళవాయిపల్లెకు నడిచిపోయిందంట. మూడు మైళ్ళు. ఓబులేసు బతికే ఉండాడు, అరవై దాటుండాయి, పన్నెండు మేకలు కాచుకుంటా, ఊరి బయట కొట్టంలో ఒగడే ఉండాడు. ఈమెను చూసి లేసి నిలబడినాడు. ఏం పాపా, ఇట్ల వచ్చినావు అన్న్యాడు. ఓబులేసన్నా, నీతో మాటుండాది అనింది. ఆయన నవ్వినాడంట. "మీ ఇంట్లో నన్ను ఓబిగా అనేదొగటే ఇన్న్యా. అన్నా అంటాండావంటే ఏదో పెద్దదే ఉండాల. కూర్చో" అన్న్యాడు. ఈమె కూర్చోలేదు. నిలబడే చెప్పింది. "ఆ రసం తాగింది నేను. మా నాయన నిన్ను అన్న్యప్పుడు నేను ఇంట్లోనే ఉన్న్యా. ఇన్న్యా. పలకలేదు" అనింది. ఫాదర్ల కాడ పాపసంకీర్తనంలో ఎన్నిసార్లు చెప్పుకుందో, లెక్కే లేదంట. వాళ్ళు క్షమించినామంటిరి, జపాలు చెప్పుకోమంటిరి, చెప్పుకునింది. చెప్పాల్సిన మనిషికి చెప్పింది మాత్రం ఇదే మొదలు.

ఓబులేసు మేకకు గడ్డి ఎగేసినాడు. కుండలో నీళ్ళు ముంచుకోని తాగినాడు. అప్పుడు చెప్పినాడు. "తొక్కే దినాల్లో నా కాళ్ళకు ఆ వాసన పోతా ఉండలేదు పాపా. ఎంత తోమినా, నెల దినాలు ఉండేది. మా లింగమ్మ రోజూ గొణిగేది, తాగొస్తాండావని. తొక్కతాండానే, తాగలేదే అని నేను. నమ్మీ నమ్మనట్లు ఉండేది. మీ నాయన ఎప్పుడైతే దొంగ అన్న్యాడో, ఇంగ దానికి తీర్పయిపాయ. రెడ్డే అన్న్యాడు గదా అనింది. దాన్నేమీ అనలేను, ఏడాది నన్నెవరూ పనికి పిలవలేదు, కూలికి పోయి అదే సాకింది. కూడు పెట్టేది, కాపురం చేసింది, కానీ నా మాట మాత్రం నమ్మలేదు. ఏదన్నా చెప్తే, సరేలే, నువ్వు చెప్పేదీ ఒగ మాటేనా అన్నట్లు చూసేది. అది పోయి ఆరేండ్లాయ. నువ్వు ఏడేండ్ల ముందు వచ్చి ఈ మాట చెప్పింటే, దాన్ని పిలిచి, ఇను అని చెప్పిందును." అంత మాత్రమే అన్న్యాడు. గొంతు పెంచలేదు. ఈమె కాళ్ళు పట్టుకునేకి వంగిందంట, ఆయన ఎనక్కి జరిగినాడు. "నా కాళ్ళు పట్టుకుంటే నాకేమొస్తాది. నన్ను దొంగ అని ఊరు ఊరంతా అనుకునింది, పోయి మీ ఊరికి చెప్పు" అన్న్యాడు.

సరే, వచ్చే ఆదివారం. పూజ అయిపోయింది, ఫాదరు ప్రకటనలు చదవతాండాడు. శౌరమ్మ చెప్పులిడిసే తావ నుంచి రెండడుగులు లోపలికి వచ్చి, ఫాదరూ, నేనొగ మాట చెప్పాల అనింది. అందరం తిరిగి చూసినాము. చెప్పింది. రోట్లో పచ్చడి నూరిన సంగతి గూడా దాయలేదు, అంతా చెప్పింది. ఏడవలేదు. చెప్పి నిలబడింది. ఏమనుకోనుండాదో మరి, ఎవరన్నా తిడతారనుకుందో, ఉమ్మేస్తారనుకుందో. ఏమైందంటే అబ్బా, ఏమీ కాలేదు. నా పక్కనుండే అంతోనమ్మ, "ఏ ఓబులేసే?" అని నన్నడిగింది. నాకూ గుర్తు రాలేదు. అబద్ధమేంటికి చెప్పాల, రాలేదు. ఎనక మొగోళ్ళలో ఎవరో, ఇంత చిన్నదానికా అన్న్యాడు. ఒగిద్దరు నవ్విరి గూడా. ఫాదరు, మంచిది సిస్టర్, దేవుడు క్షమిస్తాడు అని చెప్పి, వచ్చేవారం గుడి ఊడ్చేది ఎవరి వంతో చదివినాడు. అంతే. మేము ఇండ్లకు వచ్చి కూర వండుకున్న్యాము. ముప్పైయేండ్లు మోసుకోని తిరిగిన బరువు తెచ్చి ఊరి ముందర దించితే, ఊరు దాన్ని దాటుకోని పోయింది. దొంగతనం ఎవరికీ గుర్తు లేదు. ఆ మనిషే ఎవరికీ గుర్తు లేడు. ఆ పొద్దంతా ఆమె తోటలో డబ్బా కొట్టలేదు. పండ్లు లేని కాలం గదా, కొట్టే పనిగూడా లేకపాయ.

ఆమె ఆ పొద్దే మళ్ళ దళవాయిపల్లెకు పోయి చెప్పిందంట. అన్నా, చెప్పినా. ఎవరికీ గుర్తు లేదు. ఓబులేసు ఇని, తల ఊపినాడు. పో అనలేదు, ఉండు అనలేదు. ఈమె వచ్చేసింది. నెల గడిచింది, రెండు నెల్లు గడిచింది. ఒగపొద్దు తోట కంచె కాడ మేకలు అరస్తాంటే పోయి చూసింది. ఓబులేసు. పన్నెండు మేకల్నీ కంచె బయట ఇడిసి, కర్ర పట్టుకోని నిలబడుండాడు. "మన ఇద్దరికే తెలిసిన సంగతైపాయ అది. ఇంగ నేనెవరితో కోపంగా ఉండాల. ఆ పులిసిన రసం చూపించు" అన్న్యాడంట. లోపలికి రా అన్నా అంటే, "ఆ గడప మాత్రం తొక్కను. తొక్కద్దని చెప్పినోడు లేడు, మళ్ళ తొక్కమనేవాడు గూడా లేడు" అన్న్యాడు. బయట బండ మీద, అదే, పచ్చడి నూరే రోలు పక్కన ఉండే ఆ పెద్దరాయి మీద కూర్చున్న్యాడు. ఆమె గిన్నెలో తెచ్చి ఇచ్చింది. వాసన చూసినాడు, తాగలేదు. జాడీ ఎంతవరకు నింపినావు అన్న్యాడు. సగానికి. అదే తప్పు, జాడీ నిండా ఉండాల, గొంతుదాకా, గాలికి చోటియ్యగూడదు, తక్కువుంటే చిన్న జాడీ తీసుకో అన్న్యాడు.

మూడో ఏడు కొత్తచెట్లు గూడా కాపుకు వచ్చినాయి. ఓబులేసు వారానికి రెండుసార్లు మేకల్ని ఆ పక్కకు తోలుకోని వచ్చేది, కంచె బయట నుంచే చూసి చెప్పేది. పండు నల్లబడంగానే కొయ్యద్దు, రవ్వంత ముడత పడనీ, అప్పుడు తీపి నిలుస్తాది అన్న్యాడు. పిట్టలు తినిపోతాయి గదన్నా అంటే, తిననీ, మిగిలిందే మనది అన్న్యాడు. కోసిన పొద్దు ఆమె చీర ఎగ్గట్టుకోని తొట్టిలో దిగింది. నలభైయెనిమిదేండ్ల మనిషి, ఒగటే తొక్కతాంది. ఈయన బయట రాయి మీద కూర్చోని, లోపలి శబ్దం ఇంటా, మడమతో కాదు, ముందరి పాదంతో తొక్కు, గింజ చితికిందంటే చేదు దిగుతాది అని చెప్తాండాడు. తొక్కి బయటికి వచ్చేసరికి చీలమండల దాకా ఎర్రగా అయిపోయినాయి కాళ్ళు. తోమింది. పోలేదు. ఆదివారం గుడికి పోతే ఆడోళ్ళంతా ఆ కాళ్ళే చూసిరి. అప్పుడు తెలిసిందంట ఆమెకు, ఓబులేసు ఇంటికి పొయ్యి పెండ్లాం ముందర ఎట్ల నిలబడేవాడో. తొక్కులు తేలతాంటే పొద్దున ఒగసారి సాయంత్రం ఒగసారి కర్రతో అణిచింది, తొక్కులు దిగినాక గుడ్డతో వడగట్టింది, చిన్నజాడీలకు గొంతుదాకా పోసింది, మైనం పెట్టింది. ఆర్నెల్లు. ఆ ఆర్నెల్లూ ఆ ఇంట్లో ఎవరి మాటా ఇనపడలేదు అనుకో, మేకల అరుపు తప్ప.

తీసింది. బాగుండాది. రుచి తెలిసిన నాలిక ఆమెదొగటే గదా, ఆమె చెప్తే అదే తీర్పు. ఫాదరుకు ఒగ సీసా ఇచ్చింది, ఆయన బిషప్పుగారి ఇంటికి పంపించినాడు, మళ్ళొగ నాలుగు నెల్లకు కాగితం వచ్చింది. ఎర్రకొట్టాల చర్చికి మాత్రం వాడుకోవచ్చు అని. ఏడు చర్చిలకు పొయ్యేది పోయి, ఒగటికి. ఏడాదంతా పూజ చేసినా పది సీసాలు చాలు. అయినా సరే అనింది. మొదటిసారి ఆ రసంతో పూజ జరిగిన పొద్దు, పలానాది రాయపరెడ్డి తోట రసం అని ఫాదరు చెప్పినాడు, మేము తలకాయలు ఊపినాము. ఆ రసం తాగేది ఫాదరొగడే గదా, మనకు అప్పమే ఇస్తారు. ఓబులేసు మన మతపోడు కాదు, గుడిలోకి రాలేదు, బయట గోడనీడన మేకలతో కూర్చోనుండాడు. పూజ అయినాక శౌరమ్మ ఇంటికి పోయి గ్లాసులో పోసుకోని వచ్చి ఆయన చేతికిచ్చింది. మొదటి గ్లాసు నీదే అన్నా అనింది. ఆయన దాన్ని ఎండలో పట్టుకోని చూసినాడు. చూడండి మీరే, పదేండ్లో పదిహేనేండ్లో తొక్కినాడు, దొంగ అనిపించుకున్న్యాడు, పెండ్లాం నమ్మకం పోగొట్టుకున్న్యాడు, ఒగ చుక్క నోట్లో పడింది లేదు ఆ మనిషికి. తాగినాడు. మొగమంతా ముడుచుకునింది. "ఇదా?" అన్న్యాడు. "దీనికా నన్ను తరిమింది. ఇంతకన్నా మా లింగమ్మ చేసే చింతపండు పులుసు మేలు పాపా" అన్న్యాడు. శౌరమ్మ నవ్విందంట. నోటికి చెయ్యడ్డం పెట్టుకోని నవ్వి నవ్వి, అట్లనే గోడకానుకోని కూర్చుండిపోయి, కండ్లు తుడుచుకుందంట. ఆయన మిగిలింది గూడా తాగి, గ్లాసు తిప్పి కింద పెట్టి, మేకల్ని లేపుకోని పోయినాడు. ఆమె ఆ గ్లాసు తీసుకోని ఇంటికి పోయింది.

ఇదంతా నాకు ఓబులేసే చెప్పినాడు, ఈ మద్దెన చెనిక్కాయ పీకినాక మా చేన్లో మేకలు మేపేకి వస్తాండాడులే. ఇప్పుడు తోట పచ్చగా ఉండాది, పోతే కనపడతాది మీకు. క్రిస్మసు వచ్చిందంటే మేమందరం చెంబులు ఎత్తుకోని పోతాము, రవ్వంత పొయ్యి శౌరమ్మా అని. పోస్తాది, కాదనదు. తాగతాము, బాగుండాదంటాము. మమ్మల్ని మాత్రం ఎవరూ దొంగలని అనలేదు చూడు. నింపుకోని తిరుక్కోని వచ్చేస్తాము. అందుకే నాయనా, ఆ రసం రుచి ఎట్లుంటాది అని అడుగు, చెప్తా. శౌరమ్మ ఎట్లుండాది అని మాత్రం నన్నడగద్దు. ఆ ఇంట్లో నేను ఒగనాడూ కూర్చోలేదు. సరే, చెనిక్కాయలు అయిపోయినాయి, ఇంగ లెయ్యండి.